ఓడ ప్రయాణంలో వికారం

నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖకు, అక్కడి నుండి ఓడలో పోర్టుబ్లెయిర్‌కు (2024 నుండి శ్రీవిజయపురం) వెళ్ళనున్న ఆబిడ్స్ గృహిణి ఒకరు నన్ను సంప్రదించారు. లోగడ వాంతులకు భయపడి ఉపవాసంతో ఓడ ఎక్కి సొమ్మసిల్లారట. ఖాళీ కడుపున వికారం హెచ్చుతుంది.

ఓడ ఊగుతున్నదని లోచెవి చెబుతుంది. గదిలోని గోడను చూస్తున్న కన్ను కాదంటుంది. ఈ వైరుధ్యమే వికారానికి మూలం. కనుక కుదుపు తక్కువైన మధ్యభాగంలో పడక కోరండి. తల తిరిగితే పైకి వచ్చి, ఆకాశం సముద్రాన్ని తాకే గీతను చూడండి. పుస్తకం చదవరాదు.

ముందుగా రెండు ఇడ్లీలు తిని, ఓడ కదలడానికి అరగంట ముందు పావుచెంచా శొంఠిపొడి తేనెతో సేవించాలి. ఇది అందరికీ ఒకే తీరున పనిచేయదని నా అనుభవం. గర్భిణులు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు వైద్యుని అడగాలి. వాంతులు ఆగకుంటే ఓఆర్ఎస్ గుక్కలుగా తాగిస్తూ ఓడలోని వైద్యునికి చూపండి. అప్పుడు నా శొంఠిని నమ్ముకోవద్దు.