గెలిసినోడే పక్కకు జరిగిన ఎన్నిక

మన దగ్గర ఎన్నికలు వస్తున్నయంటే ఊర్లె మొదలు లేసే ముచ్చట ఒక్కటే, టికెట్ ఎవరికి? ఆ టికెట్ ఇచ్చేటోళ్ళు హైదరాబాద్‌ల ఉంటరు, లేకుంటే ఢిల్లీల ఉంటరు. పదేండ్లు జెండా మోసినోడు ఫోన్ పట్టుకొని ఎదురుసూస్తనే ఉంటడు, నామినేషన్ ఆఖరి రోజు బీ-ఫారం ఇంకొకని చేతిల కనబడ్తది.

అమెరికాల గా టికెట్ కోసమే ఒక ఎన్నిక పెడ్తరు. నవంబర్‌ల అసలు అధ్యక్ష ఎన్నిక ఉంటే, అంతకు ముందే ఒక్కో రాష్ట్రంల పార్టీ లోపటనే ఓట్లు ఏయించుకుంటరు. దీన్నే ప్రైమరీ అంటరు. మామూలు ఓటర్లే ఏస్తరు. వచ్చిన ఓట్లను బట్టి ఆ రాష్ట్రం నుంచి డెలిగేట్లు పోతరు, పార్టీ మహాసభల వాళ్ళు ఎవరికి మెజారిటీ ఇస్తే వాళ్ళే అభ్యర్థి. అక్కడ పౌరసత్వం వచ్చిన మన తెలుగోళ్ళు గూడ ఇప్పుడు ఈ లైన్ల నిలబడ్తున్నరు.

అయితే ఇది మొదటి నుంచి ఇంత గట్టిగ లేదు. 1968 దాకా పదిహేను రాష్ట్రాల దాకనే ప్రైమరీలు ఉండె, మిగిలిన కాడ పార్టీ పెద్దలు కూసొని డెలిగేట్లను తేల్చేటోళ్ళు. ఆ లెక్క మారుడు న్యూ హాంప్‌షైర్ అనే సలికొట్టే చిన్న రాష్ట్రం కాడ మొదలైంది.

అప్పుడు అధ్యక్షుడు లిండన్ జాన్సన్, డెమొక్రటిక్ పార్టీ. వియత్నాంల యుద్ధం నడుస్తున్నది, ఐదు లక్షల అమెరికా సైన్యం అక్కడనే ఉన్నది. 18 ఏండ్లు దాటిన పోరగాళ్ళను పిలిసి సైన్యంల ఏస్తున్నరు, కాని ఓటు హక్కు మాత్రం దాదాపు అన్ని రాష్ట్రాల 21 ఏండ్లకు! సావడానికి వయసు సాలుతది గాని ఓటెయ్యడానికి సాలదన్నమాట. సొంత పార్టీ అధ్యక్షుని మీద పోటీకి ఎవరూ ముందటికి రాలే. 1967 నవంబర్ ఆఖరుల మినెసోటా సెనేటర్ యూజీన్ మెకార్తీ నేను నిలబడ్తా అన్నడు. మనిషి నెమ్మదస్తుడు, కవిత్వం రాసేటోడు, స్టేజీ ఎక్కితే ఊపు రాదు. శానమంది లైట్ తీసుకున్నరు.

యుద్ధం ఒడ్డుకు వస్తున్నదని సర్కారు చెప్పుకుంట వచ్చింది. 1968 జనవరి ఆఖరుల వియత్నామోళ్ళ కొత్త సంవత్సరం పండుగ నాడు, ఒక్కసారే శాన పట్నాల మీద దాడులు జరిగినయి. సైగాన్‌ల అమెరికా ఎంబసీ ఆవరణ లోపటికి గూడ చొచ్చుకొచ్చిన్రు. టీవీల సూసిన జనానికి సర్కారు మాట మీద నమ్మకం పోయింది.

ఇగ కాలేజీ పిల్లలు బస్సులు, కార్లు ఎక్కి న్యూ హాంప్‌షైర్‌కు దిగిన్రు. అక్కడి జనం పాతకాలం అలవాట్లోళ్ళు, పొడుగు జుట్టు సూస్తే తలుపు తెరవరు. అందుకని పోరగాళ్ళు జుట్టు కత్తిరిచ్చుకొని, గడ్డం గీసుకొని, మంచి బట్టలేసుకొని ఇల్లిల్లు తిరిగిన్రు. గడ్డం తియ్యనన్నోళ్ళను ఆఫీసు వెనకాల కవర్లు అంటించే పనికి పెట్టిన్రు. వాళ్ళల్ల శానమందికి ఓటే లేదు, ఉన్నోళ్ళల్ల గూడ శానమందికి ఆ రాష్ట్రంల లేదు. అయినా మంచుల నడిసిన్రు.

జాన్సన్ దిక్కు యవ్వారం సూడున్రి. అధ్యక్షుడు స్వయంగ పేరు ఇయ్యలే, బ్యాలెట్ మీద ఆయన పేరే లేదు. ఓటరే చేత్తోని రాయాలె. రాస్తరో లేదో అని అక్కడి పార్టీ పెద్దలు నంబర్లున్న కార్డులు అచ్చేసి పంచిన్రు. సంతకం పెట్టి ఒక ముక్క ఓటరు పెట్టుకోవాలె, ఒక ముక్క పార్టీ ఆఫీసుకు, ఇంకో ముక్క వైట్‌హౌస్‌కు. గిదేంది, మా ఓటు మేము ఎవరికేస్తున్నమో రాసియ్యాల్నా అని జనానికి మండింది. ఇసొంటి కార్డు మన ఊర్లె పంచినా అంతే అయితుండె.

మార్చి 12న ఓట్లు పడ్డయి. జాన్సన్‌కు 27 వేలు దాటినయి, దాదాపు 49 శాతం. మెకార్తీకి 23 వేల పైచిలుకు, 42 శాతం. అంటే గెలిసింది జాన్సనే. కాని పది, ఇరవై శాతం కూడ కష్టం అనుకున్న మనిషి అధ్యక్షుని పక్కకొచ్చి నిలబడ్డడు. పైగ డెలిగేట్ సీట్లకు జాన్సన్ మనుషులు నేనంటే నేనని కావాల్సినదానికన్న ఎక్కువ మంది నిలబడి, వాళ్ళ ఓట్లు వాళ్ళే చీల్చుకున్నరు. 24 డెలిగేట్లల్ల 20 మెకార్తీకే పోయినయి.

నాలుగు రోజులకే రాబర్ట్ కెనడీ నేనూ ఉన్నా అని దిగిండు. మార్చి 31న జాన్సన్ టీవీల మాట్లాడుకుంట ఆఖరుల, నేను మళ్ళ పోటీ చేస్త లేనని చెప్పి జనాన్ని బిత్తరపోయేటట్టు చేసిండు.

ఇక్కడొక మెలిక ఉన్నది, శానమంది చెప్పరు. మెకార్తీకి ఓటేసినోళ్ళంతా యుద్ధం వద్దన్నోళ్ళు కాదు. తర్వాత పరిశోధకులు అడిగి సూస్తే, జాన్సన్ సరిగ్గ కొట్లాడుత లేడని కోపంతోని ఏసినోళ్ళే ఎక్కువ తేలిన్రు. అందుకే నాకనిపిస్తది, అధికారంల ఉన్నోని మీద ప్రైమరీ అంటే చెరువు తూము తెరిసినట్టే, ఏ వాగు నీళ్ళు ఏవో తెల్వదు, అన్నీ కలిసే ఉరుకుతయి.

మరి ఆ పిల్లల కష్టం ఫలిచ్చిందా అంటే, ఆ ఏడు ఫలియ్యలే. జూన్‌ల కాలిఫోర్నియా ప్రైమరీ గెలిసిన రాత్రే రాబర్ట్ కెనడీ మీద కాల్పులు జరిగినయి, ఒక రోజు తర్వాత సచ్చిపోయిండు. ఆగస్టుల షికాగో మహాసభల టికెట్ ఎవరికి దక్కిందంటే ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి. ఆయన ఒక్క ప్రైమరీల గూడ పోటీ చెయ్యలే! పెద్దల చేతిల డెలిగేట్లు ఉన్నరు, ఇచ్చేసిన్రు. బయట రోడ్ల మీద పోలీసులు పోరగాళ్ళను లాఠీలతోని కొడుతుంటే దేశమంతా టీవీల సూసింది. నవంబర్‌ల హంఫ్రీ ఒక శాతం లోపు తేడాతోని నిక్సన్ చేతిల ఓడిపోయిండు.

ఓడినంక పార్టీకి తెలివొచ్చింది. 1969ల ఒక కమిషన్ ఏసి, డెలిగేట్లను చాటుంగ తేల్చుడు బంద్ అని కొత్త రూల్స్ రాసిన్రు. ఆ రూల్స్ పాటించుడానికి ఈజీ తొవ్వ ప్రైమరీ పెట్టుడే అని రాష్ట్రాలు ఒక్కొక్కటి అటే పోయినయి. తర్వాత ప్రత్యర్థి పార్టీ కూడ దాదాపు గిదే తొవ్వ పట్టింది. 1971ల ఓటు వయసును దేశమంతా 18కి దించిన్రు. ఆ కమిషన్‌కు మొదటి పెద్ద జార్జ్ మెక్‌గవర్న్ కొత్త రూల్స్ కింద 1972ల టికెట్ గెలిసి, అసలు ఎన్నికల 49 రాష్ట్రాలు పోగొట్టుకున్నడు. జనం ఎంచిన అభ్యర్థి గెలుస్తడని గ్యారంటీ ఏం లేదు మరి.

2024 జనవరిల అదే న్యూ హాంప్‌షైర్‌ల మళ్ళ ఒక డెమొక్రటిక్ అధ్యక్షుని పేరు బ్యాలెట్ మీద లేకుండె. మొదటి ప్రైమరీ ఏ రాష్ట్రంది అనే పంచాయితీల జో బైడెన్ పేరు ఇయ్యలే. ఓటర్లు చేత్తోని రాసి గెలిపిచ్చిన్రు. తర్వాత దేశమంతా ప్రైమరీలు గెలుసుకుంట పోయిండు, జూన్ డిబేట్‌ల తడబడ్డడు, జులై 21న తప్పుకున్నడు. టికెట్ ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌కు పోయింది. ఆ ఏడు ఆమె పేరు మీద ఒక్క రాష్ట్రంల గూడ ప్రైమరీ గెలుపు లేదు, హంఫ్రీ లెక్కనే. నవంబర్‌ల ఆమె గూడ ఓడిపోయింది.