ఏ మజిలీకి ఏ కథ?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. భోజనాల దగ్గర ఈ మాటను మనమెంతో గౌరవిస్తాం. పులుపు పడనివారికి మజ్జిగ పోస్తాం. కారం తినలేని పసివాడి కంచంలో పప్పూ నెయ్యీ కలిపి పెడతాం. పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊరందరికీ ఒకే గరిటె! "మంచి నవల ఏదైనా చెప్పండి" అని ఒకరు అడగడమే తడవుగా, మనకు నచ్చినదాన్ని వారి విస్తట్లో వడ్డించేస్తాం. వారు తినలేకపోతే తప్పు వారిదేనంటాం.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఉండేది కరణ్‌కోటలో. తాండూరుకు చేరువగా, సిమెంటు కార్పొరేషన్ వారి కర్మాగారం వల్ల నలుగురికీ తెలిసిన ఊరు. చుట్టూ నాపరాతి గనులు, కంది చేలు. పడమటికి కొంచెం దూరం పోతే కర్ణాటక. అందుచేత ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు, ఉర్దూ మాట్లాడేవారు నా తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వీరిలో ఏటా ఇద్దరో ముగ్గురో పాఠం అయిపోయాక వరండాలో నన్ను ఆపి, "సార్, మాయలు మంత్రాలు ఉండే నవల ఒకటి చెప్పుండ్రి" అని అడుగుతారు. "ఫాంటసీ" అనే మాట వాడేవారూ ఉన్నారు. పేరేదైనా కోరిక ఒక్కటే: లేని లోకం ఒకటి చూడాలి.

పరీక్షకు పనికిరాని పుస్తకాన్ని ఒక విద్యార్థి తనంతట తాను అడగడం చిన్న విషయం కాదు. ఆ అడగడం తరచుగా ఒక్కసారే జరుగుతుంది. మొదటి పుస్తకం పడకపోతే ఆ పిల్లవాడు "ఈ పుస్తకం నాకు సరిపడలేదు" అనడు. "చదవడమే నాకు సరిపడదు" అంటాడు. మళ్ళీ ఆ వరండాలోకి రాడు. కాబట్టి ఎవరికి ఏ కథ చెప్పాలన్నది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదని నా మనవి.

గుణాఢ్యుడికి దొరకని శ్రోత

ఈ చిక్కు నిన్న మొన్నటిది కాదు. కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో రచించిన "కథాసరిత్సాగరం" మొదట్లోనే దీన్ని గురించిన గాథ ఉన్నది. శాతవాహన రాజు కొలువులోని గుణాఢ్యుడు ఒక పందెంలో ఓడి, సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటినీ విడిచిపెట్టి, పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాల "బృహత్కథ" రాశాడు. రాజుకు పంపిస్తే, ఇదేమి భాష, ఇదేమి రాత అని తిప్పికొట్టాడు. గుణాఢ్యుడు అడవిలో ఒక గుట్ట మీద నిప్పు రాజేసి, ఒక్కొక్క ఆకూ చదివి వినిపిస్తూ మంటలో వేశాడు. వినడానికి వచ్చినవి జింకలు, దుప్పులు, పందులు. అవి మేత మాని, కన్నీరు కారుస్తూ నిలబడిపోయాయట! మేత లేక వాటి మాంసం ఎండిపోయింది. ఆ మాంసం తిన్న రాజుకు జబ్బు చేసింది. కారణం వెతుక్కుంటూ రాజు వచ్చి చూసేసరికి ఆరు లక్షల శ్లోకాలు బూడిదైపోయి ఒక్క లక్ష మిగిలింది.

పుస్తకం అదే. రాజుకు అది చెత్త; జింకకు తిండి మరిపించిన అమృతం. కథలో లోపం ఏమున్నది? చేరవలసినచోటికి ముందుగా చేరలేదు, అంతే.

ఇంగ్లండులో 1936లో జరిగిన సంగతి దీనికి సరిగ్గా ఎదురు. టోల్కీన్ రాసిన "హాబిట్" అనే కథ ప్రచురణకు వస్తే, స్టాన్లీ అన్విన్ అనే ప్రచురణకర్త దాన్ని పదేళ్ళ తన కొడుకు రేనర్ చేతిలో పెట్టాడు. చదివి అభిప్రాయం రాసినందుకు కూలి ఒక షిల్లింగు. కుర్రవాడు బాగుందన్నాడు. మరుసటి ఏడు పుస్తకం అచ్చయింది. పిల్లల కథను తూచడానికి పిల్లవాణ్ణే పిలిచిన ఆ తండ్రి తెలివి మెచ్చుకోదగింది.

పశువుల కాపరి పెట్టిన షరతు

మరి మన తెలుగులో? మధిర సుబ్బన్న దీక్షితులు గారి "కాశీమజిలీ కథలు" పన్నెండు సంపుటాలు. "పాతాళభైరవి" సినిమా 1951లో వచ్చి ఆంధ్రదేశాన్ని ఊపేసిందంటే, దాని కథకు మూలం ఈ సంపుటాలలోనే ఉన్నది. అయితే నేను చెప్పదలచింది మాంత్రికుల గురించి కాదు. ఆ కథలన్నిటినీ కలిపి కట్టిన దారం గురించి. మణిసిద్ధుడు కాశీకి పోతూ తోడు వెతుక్కుంటాడు. పశువుల కాపరి కుర్రవాడొకడు వస్తానంటాడు. కాని ఒక షరతు: దారిలో తనకు వింతగా తోచినదాని కథ ఆ మజిలీలో చెప్పాలి.

చూశారా! అక్కడ కథను ఎన్నుకునేవాడు చెప్పే పెద్దమనిషి కాదు, వినే కుర్రవాడు. వాడి కంటికి వింత అనిపించిందేదో దాని వెంటనే కథ నడుస్తుంది. ఎవరికి ఏ నవల ఇవ్వాలన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి సూత్రం నాకు ఇంతవరకు ఎక్కడా దొరకలేదు.

అందుచేత నన్నడిగిన వారికి నేను వెంటనే పుస్తకం పేరు చెప్పను. ఎదురు అడుగుతాను. "నీకెలాంటి కథలంటే ఇష్టం?" అని అడిగితే లాభం లేదు, తన రుచికి పేరు పెట్టడం పెద్దవాళ్ళకే చేతకాదు. "ఈమధ్య చూసిన సినిమాలోనో, విన్న కథలోనో, నీ స్నేహితుడికి మళ్ళీ చెప్పిన ఘట్టం ఏది?" అని అడుగుతాను. రెండవది, "ఏది వస్తే నీకు విసుగు?" మూడవది, "రోజుకు ఎంతసేపు చదవగలవు? ఏ భాష సులువు?" ఈ మూడింటికీ జవాబు వస్తే పని ముక్కాలు వంతు అయినట్లే.

మూడు మజిలీలు

ఒక కుర్రవాడున్నాడు. తండ్రి నాపరాతి గనిలో పనిచేస్తాడు. కుర్రవాడు కూడా సాయంకాలాలు బండలు పాలిష్ పట్టేచోట పనికి పోతాడు. "రాజుగారి బిడ్డ పెండ్లి గోల నాకొద్దు సార్. కొత్త కొత్త జాగలు రావాలె, కొత్త జంతువులు రావాలె" అన్నాడు. రాత్రి అరగంటకు మించి చదవలేడు. ఇలాంటివాడి కోసమే పుట్టినవి దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు. వారు "చందమామ"లో అర్ధశతాబ్దం పైగా పనిచేశారు. 1954లో "తోకచుక్క"తో మొదలుపెట్టి "మకరదేవత", "కంచుకోట", "రాకాసిలోయ", "పాతాళదుర్గం", "శిథిలాలయం", "మాయాసరోవరం" వంటివి తమ పేరైనా వేసుకోకుండా రాశారు. అదే 1954లో అక్కడ టోల్కీన్ "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" మొదటి సంపుటం వెలువడడం చిత్రమైన సంగతి. "శిథిలాలయం"లో శిఖిముఖి, విక్రమకేసరి అనే జంట మిత్రులు అడవులు పట్టి పోతూ ఉంటే, ప్రతి మలుపులోనూ ఒక వింత ఎదురవుతుంది. నెలకొక భాగంగా అచ్చయిన కథ కాబట్టి ప్రతి భాగమూ పొట్టిది. ఉత్కంఠ దగ్గర ఆగుతుంది. మా కుర్రవాడు రాత్రికొక భాగం చొప్పున చదివాడు. ఆ చిత్రా గారి బొమ్మలున్న పుటలను గనిలో తండ్రికి కూడా చూపించాడట.

రెండవది ఒక ఆడపిల్ల. పట్నంలో ఉన్న బంధువు ఒకాయన ప్రేమతోనే టోల్కీన్ గారి లావుపాటి సంపుటం కొనిచ్చాడు. నలభై పుటలు కష్టపడి, వంశవృక్షాలలో దారి తప్పి, ఆ పిల్ల దాన్ని బీరువా మీద పెట్టేసింది. "నాకు నవలలు రావు సార్" అన్నది. నవలలు "రావడం" ఏమిటి, అవేమన్నా ఎక్కాలా? నా మొదటి ప్రశ్న వేశాను. చాలాసేపు ఆలోచించి, చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన బాలనాగమ్మ కథ ఎత్తుకున్నది. మాయల ఫకీరు సంగతి రెండు మాటల్లో తేల్చేసింది. వాడి ప్రాణమున్న చిలకను గురించీ పెద్దగా చెప్పలేదు. కాని బాలవర్ధి తల్లిని విడిపించడానికి బయలుదేరే ఘట్టం వచ్చేసరికి ఆ పిల్ల గొంతు మారింది. అదీ అసలు సంగతి! ఆమెకు కావలసింది మంత్రాలు కావు. కన్నవారి కోసం బయలుదేరే బిడ్డ.

అప్పుడామెకు సల్మాన్ రష్దీ 1990లో రాసిన "హరూన్ అండ్ ద సీ ఆఫ్ స్టోరీస్" ఇచ్చాను. కథలు చెప్పే తండ్రి నోట కథ ఆగిపోతే, దాన్ని తిరిగి తేవడానికి కొడుకు కథల సముద్రం దాకా పోయే కథ. పుస్తకం చిన్నది; ఇంగ్లీషు ఆటలాడుతూ పోతుంది. నిఘంటువు పక్కన పెట్టుకుని పది రోజులు చదివింది. తిరిగి ఇస్తూ, "ఆ కథల సముద్రం నిజంగా ఉన్నదా సార్?" అని అడిగింది. ఉన్నదమ్మా, దానిపేరే "కథాసరిత్సాగరం" అన్నాను. వేదము వేంకటరాయ శాస్త్రి గారు దాన్ని తెలుగు చేశారు. భాష గ్రాంథికం, నెమ్మదిగా పోవాలని కూడా చెప్పాను. "నవలలు రావు" అన్న పిల్ల ఇప్పుడు అందులో ఉన్నది.

మూడవది ఒక ముసలాయన కోరిక. తాండూరులో ఉంటారు. మనుమడు నా విద్యార్థి. "మా తాతకు వీరులు పనికిరారు సార్, మోసగాండ్లు కావాలె" అన్నాడు నవ్వుతూ. అడిగిన తీరులోనే జవాబున్నది. ఉర్దూలో "తిలిస్మె హోష్‌రుబా" అనే మహాగ్రంథం ఉన్నది. లక్నోలో నవల్ కిశోర్ ముద్రణాలయం వారు 1883 నుంచి సంపుటాలుగా వేశారు. అమీర్ హంజా వీరగాథలలో అదొక భాగం. మాంత్రికులు కట్టిన మాయాలోకాన్ని అందులో పడగొట్టేది కత్తి కాదు. అమర్ అయ్యార్ అనే టక్కరి తెలివి. అతని సంచిలో లోకమంతా పడుతుంది. ముషర్రఫ్ అలీ ఫారూఖీ గారి ఇంగ్లీషు అనువాదం మొదటి సంపుటం 2009లో వచ్చింది. మనుమడికి ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుచేత ఇంగ్లీషులో చదివి తాతకు ఉర్దూలో చెబుతున్నాడు. తాత తన తండ్రి నోట విన్నదాన్ని బట్టి మధ్య మధ్య దిద్దుతున్నాడట!

మిగిలిన రుచులు

తక్కినవి పొట్టిగా మనవి చేస్తాను. కథ అయిపోయాక వాదించాలని సరదా ఉన్నవారికి బేతాళ కథలకు మించినవి లేవు. ప్రతిదీ చిక్కు ప్రశ్నతోనే ముగుస్తుంది. ముళ్ళు విప్పడం ఇష్టమైతే, పద్యానికి జంకకపోతే, 16వ శతాబ్దపు పింగళి సూరన "కళాపూర్ణోదయం" చదవాలి. కథలోంచి కథ పుట్టి, తెగిన దారాలన్నీ చివరకు ఒకచోట ముడిపడతాయి. పద్యం కష్టమనుకునేవారికి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు 2002లో వెలువరించిన ఇంగ్లీషు అనువాదం ఉన్నది. నవ్వుతూ ఆలోచించాలంటే విశ్వనాథ వారి "హాహాహూహూ". గుర్రం ముఖం గల గంధర్వుడొకడు లండన్ నడిబొడ్డున వచ్చి పడతాడు. భయం కావాలనేవారికి యండమూరి వారి "తులసిదళం". చిన్నపిల్లలకు మాత్రం వద్దు, రాత్రిళ్ళు అసలే వద్దు!

దొరకడం ఎలా?

రుచి తెలిసినా సరుకు దొరకాలి గదా. "చందమామ" 1947 జూలైలో పుట్టి, ఎన్నో తరాలను పెంచి, ఇప్పుడు రావడం లేదు. దాసరి వారి ధారావాహికలు కొన్ని పుస్తకాలుగా వచ్చాయి. పాత జానపద నవలలు చాలావరకు అంగళ్ళలో కనపడవు. తాండూరులో రైలెక్కితే హైదరాబాదు ఎంతో దూరం కాదు. ఆదివారం ఆబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాలలో ఓపికగా వెతికినవారికి నిధులు దొరుకుతాయి. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్ బజారులో ఇప్పటికీ నిలిచి ఉన్నది. పోయేముందు కావలసిన పేర్లు కాగితం మీద రాసుకు పోవడం మంచిది.

గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పిన రంగనాథన్ గారు 1931లోనే, చదువరికి తగిన పుస్తకమూ, పుస్తకానికి తగిన చదువరీ దొరకాలని నియమం పెట్టారు. అందులో రెండవ సగాన్ని మనం మరచిపోతున్నాం. పిల్లవాడికి పుస్తకం అవసరమైనంతగానూ పుస్తకానికి పిల్లవాడు అవసరం. అడిగేవారు లేక అచ్చు ఆగిపోయిన జానపద నవల, గుణాఢ్యుడి మంటలో పడ్డ ఆకు వంటిదే.

గ్రంథాలయాధికారులకు, తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారన్న లెక్క ఎలాగూ ఉంటుంది; దాని పక్కన, తిరిగి ఇచ్చేటప్పుడు వారు ఏ ఘట్టం గురించి మాట్లాడారో ఒక్క ముక్క రాయండి. ఏడాది తిరిగేసరికి మీ ఊరి రుచులన్నీ అందులో ఉంటాయి. తల్లిదండ్రులకు మరొక మాట. ముప్ఫై పుటలు చదివి పిల్లలు పుస్తకం పక్కన పెడితే కోప్పడకండి. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో అడగండి. వారు చెప్పే కారణంలోనే తరువాతి పుస్తకం పేరు దాగి ఉంటుంది.