రంగు తగ్గితే విషం పెరిగినట్టే

చెనక్కాయకు పట్టే బూజు గురించి పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి అడిగింది: “విషం కాయలో ఉంటే కాయనే పరీక్ష చేస్తే చాలదా సార్? మనిషి రక్తం ఎందుకు తీయాలి?” నాట్రంపల్లి పక్క మెట్ట చేలల్లో చెనక్కాయ వేసే ఇంటి పిల్ల. అడగాల్సిన మాటే అడిగింది. దానికి జవాబు చెప్పాలంటే బూజు దగ్గర మొదలుపెట్టి ఎలీసా అనే పరీక్ష చేసే పళ్లెం దాకా పోవాలి. ఆ పళ్లెమంటే నాకు మహా ఇష్టం, కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

ముందు కాయ సంగతి. కాయ ఊరే నెలలో వానలు మొహం చాటేస్తే, నేల కాగిపోతే, ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు మట్టిలోంచే కాయలోకి దిగుతుంది. అది తయారుచేసే విషం అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటికి పెట్టిన బ్రెజిల్ వేరుశెనగ చెక్కలో ఇది బయటపడింది. చిక్కేమిటంటే బూజు గింజలన్నిటికీ సమంగా పట్టదు. మూటలో వేల గింజలు శుభ్రంగా ఉండి, విషమంతా ఏ నాలుగైదింటిలోనో పోగుపడి ఉండొచ్చు. పిడికెడు తీసి పరీక్షిస్తే ఆ గింజలు చేతికి రాకపోవచ్చు, మూట మంచిదని తేలిపోతుంది. వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. పోయిన నెల ఎన్ని పల్లీలు తిన్నావంటే ఎవరు చెప్పగలరు? ఇద్దరు ఒకే కొలత తిన్నా ఇద్దరి కాలేయాలూ ఒకే రకంగా స్పందించవు. అందుకే అడగాల్సింది కాయను కాదు, ఒంటిని.

ఒంట్లో జరిగేది విచిత్రమైన పని. అఫ్లటాక్సిన్ బి1 తనంతట తాను డిఎన్ఏ మీద పడదు. దాన్ని బయటికి పంపేద్దామని కాలేయంలోని ఎంజైములు దానికొక ఆక్సిజన్ తగిలిస్తాయి. అప్పుడు పుట్టే ఎపాక్సైడ్ నీళ్లలో సెకను సేపు నిలిస్తే గొప్ప. ఆ సెకనులోనే డిఎన్ఏలోని గ్వానిన్‌ను పట్టుకుంటుంది. కణితి రాకుండా కాపలా కాసే పి53 జన్యువులో 249వ స్థానం దీనికి బాగా లోకువ. అక్కడ గ్వానిన్ అనే జి అక్షరం ఉండాల్సిన చోట టి వచ్చి కూర్చుంటుంది. చైనాలోని చిదోంగ్‌లో, దక్షిణాఫ్రికా ప్రాంతంలో కాలేయ క్యాన్సర్ కణితుల్లో ఈ మార్పునే రెండు బృందాలు 1991లో గుర్తించాయి.

పట్టుబడిన గ్వానిన్ డిఎన్ఏ నుంచి ఊడి మూత్రంలో వచ్చేస్తుంది, అది ఈమధ్య తిన్న తిండి వార్త. మూత్రంలోనే కనిపించే ఎం1 అనే రూపం నిన్నా మొన్నా తిన్నదాన్ని చెబుతుంది. విషంలో మరికొంత వాటా రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్‌ను, అందులో లైసిన్ ఉన్నచోట, గట్టిగా కరుచుకుంటుంది. ఆల్బుమిన్‌లో సగం మారిపోవడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఆ ముద్ర రెండు మూడు నెలల తిండిని చూపిస్తుంది. ముద్రలున్నాయి సరే, కొలిచేదెలా? ఒక మిల్లీగ్రాము ఆల్బుమిన్‌లో ఉండే ఈ విషాన్ని పికోగ్రాముల్లో లెక్కించాలి. పికో అంటే గ్రాములో లక్ష కోట్లో వంతు.

ఇంత చిన్నవాటిని కొలిచే దారి మొదట వేసింది అమెరికాలో రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్. రక్తంలోని ఇన్సులిన్‌ను కొలవడానికి యాంటీబాడీలనూ రేడియోధార్మిక అయోడిన్‌నూ జతచేశారు. పద్ధతి అద్భుతం, 1977లో యాలోకు నోబెల్ కూడా వచ్చింది. కానీ అయోడిన్ రోజులు గడిచేకొద్దీ క్షీణిస్తుంది, రేడియేషన్ భయం వెంటే ఉంటుంది, లెక్కపెట్టే యంత్రం ఖరీదు. రేడియోధార్మికత బదులు ఒక ఎంజైమును కడితే సరిపోదా అన్న ఆలోచన రెండు చోట్ల, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే పుట్టింది. స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, ఆమె గురువు పీటర్ పెర్ల్‌మన్. నెదర్లాండ్స్‌లో ఆర్గనాన్ మందుల కంపెనీలో అంటన్ స్కూర్స్, బౌకె వాన్ వీమెన్. అంత పెద్ద ఎంజైమును మోస్తూ యాంటీబాడీ పని చేస్తుందా అని నవ్వినవాళ్లున్నారు. 1971లో ఇద్దరి పత్రాలూ అచ్చయ్యాయి. జనం నోట నిలిచింది స్వీడన్ వాళ్లు పెట్టిన ఎలీసా పేరు. బజారు గెలిచింది డచ్చివాళ్లు: హెపటైటిస్ బిని పసిగట్టే కిట్టును 1976లో అమ్మకానికి తెచ్చారు. నోబెల్ ఎవరికీ రాలేదు. నన్నడిగితే ఇద్దరికీ సగం సగం రావలసింది.

8 వరసలు, వరసకు 12 చొప్పున 96 గుంటలుండే పళ్లెం వీళ్లది కాదు. హంగరీలో ఫ్లూ పరీక్షల కోసం గ్యూలా తకాచీ 1951లో మొదలుపెట్టిన గుంటల పళ్లేనికి అది వారసురాలు. 1974లో లండన్‌లో వోలర్ బృందం మలేరియా కోసం ఎలీసాను ఆ గుంటల్లోకి దింపింది.

ఇక నాకు ముచ్చటైన భాగం. మామూలు ఎలీసాలో వెతికే వస్తువును అటొక యాంటీబాడీ, ఇటొక యాంటీబాడీ పట్టుకుంటాయి. వస్తువు ఎక్కువైతే రంగూ ఎక్కువ. అఫ్లటాక్సిన్ దగ్గర ఇది సాగదు. దాని అణుభారం 312, యాంటీబాడీది లక్షా యాభై వేలు. అంత చిన్నదాన్ని ఒకేసారి రెండు యాంటీబాడీలు పట్టుకునే చోటే లేదు. అంతెందుకు, దాన్ని విడిగా కుందేలుకు ఎక్కించినా యాంటీబాడీలు పుట్టవు, కుందేలు ఒళ్లు దాన్ని లెక్కే చేయదు. ఆవు ఆల్బుమిన్‌కు అంటించి ఎక్కిస్తేనే పుడతాయి.

అందుకని ఆటను తిరగేశారు. ఆల్బుమిన్‌కు అంటించిన అఫ్లటాక్సిన్‌ను ముందే గుంట అడుగున పూస్తారు. ప్రొటీన్ ప్లాస్టిక్‌ను దానంతటదే పట్టుకుంటుంది. ఖాళీగా మిగిలిన చోటును వేరే ప్రొటీన్‌తో కప్పేస్తారు, కొన్ని ల్యాబుల్లో వెన్న తీసిన పాలపొడే చాలు. తర్వాత రక్తం నుంచి తీసి, ఎంజైముతో ముక్కలు చేసిన ఆల్బుమిన్‌నూ, కొలిచి తీసిన కొద్దిపాటి యాంటీబాడీనీ కలిపి పోస్తారు. ఇక్కడే పోటీ. చెనక్కాయ పెరికే రోజుల్లో ఊళ్లో కూలీలు ఇంతమందేనని తెలుసు. పొద్దున్నే పక్క చేనుకు ఎక్కువమంది పోతే మన చేనుకు తక్కువమందే వస్తారు. మన చేలో ఉన్నవాళ్లను లెక్కపెడితే పక్క చేనుకు ఎందరు పోయారో అటు తొంగి చూడకుండానే చెప్పొచ్చు. గుంట అడుగు మన చేను, రోగి నమూనా పక్క చేను, యాంటీబాడీలు కూలీలు.

ఆపైన కడుగుతారు. అడుగున అంటుకున్న యాంటీబాడీలు తప్ప మిగతావన్నీ కొట్టుకుపోతాయి. నిలిచినవాటిని పట్టుకునే రెండో యాంటీబాడీని పోస్తారు, దానికి ఎంజైము కట్టి ఉంటుంది. చివర రంగులేని రసాయనం పోస్తే ఎంజైము దాన్ని పసుపు చేస్తుంది. ఒక్క ఎంజైము అణువు వేల అణువుల రంగు మార్చేస్తుంది, కంటికి ఆనని విషం కంటికి కనిపించే రంగుగా మారేది అందుకే. రంగు తగ్గితే విషం పెరిగినట్టే. తెలిసిన మోతాదులున్న గుంటల రంగుతో పోల్చి ఎలీసా రీడర్ అంకె చెబుతుంది. పసుపుపచ్చగా మెరిసే గుంటను చూస్తే నాకు ఆ మనిషి కాలేయం గురించి నిశ్చింతగా అనిపిస్తుంది.

మన దేశానికి ఈ విషం కొత్త కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్ల పాలై, 106 మంది చనిపోయారు. కారణం తేల్చింది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, రమేశ్ భట్ ప్రభృతులు. ఆ తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వేరుశెనగలో అఫ్లటాక్సిన్‌కు చవకైన పోటీ ఎలీసాను సొంతంగా తయారుచేసింది. అదే పద్ధతిని రక్తంలోని ఆల్బుమిన్ ముద్రకూ మలిచింది. నిమ్స్ వైద్యులతో కలిసి హైదరాబాద్ కాలేయ రోగుల్లో ఆ ముద్రను, హెపటైటిస్ బిని, పి53 మార్పును ఒకచోట పెట్టి చూసిన పరిశోధన 2014లో వెలువడింది.

ఆ ముద్రనూ హెపటైటిస్ బినీ ఒకచోట ఎందుకు చూడాలంటే, షాంఘైలో 18,244 మంది మగవాళ్ల మూత్రం, రక్తం జబ్బు రాకముందే దాచిపెట్టి ఏళ్ల తరబడి చూశారు. అఫ్లటాక్సిన్ ముద్ర ఒక్కటే ఉంటే కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు 3 రెట్లు, హెపటైటిస్ బి ఒక్కటే ఉంటే 7 రెట్లు, రెండూ ఉంటే దాదాపు 60 రెట్లు. తిండి గురించి అడిగి రాసుకున్న జాబితాలు మాత్రం ఈ ముప్పును పట్టివ్వలేదు. పిల్ల అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్లు ఈ ముద్రను ఇంకా కచ్చితంగా కొలుస్తున్నాయి, ఖర్చు మాత్రం పళ్లెంతో పోలిస్తే ఎక్కడో ఉంటుంది.

నాట్రంపల్లి, గుడియాత్తం రైతులకు ఒక మాట. పెరికిన కట్టెను పచ్చిగా వామి వేయకండి. చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనే దాకా కాయ ఎండబెట్టండి. ఒలవడం సులువని నీళ్లు చల్లకండి. ముడుచుకుపోయిన, రంగు మారిన గింజను గానుగకు పంపకండి: చెక్కలో మిగిలే విషం ఆవు తింటే ఎం1గా పాలలోకి వస్తుంది. ఇంట్లో బిడ్డ పుడితే 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించండి, సర్కారు ఆసుపత్రిలో ఉచితంగానే వేస్తారు.