ఫోన్ మారినా నంబరు పోనివ్వకండి

జియోఫోన్, జియోభారత్ బటన్ ఫోన్లలో ఆ కంపెనీ సిమ్ తప్ప మరొకటి పనిచేయదు. ఏ సిమ్ అయినా పట్టే స్మార్ట్‌ఫోన్ కొంటున్న రైతు సోదరులు పాత నంబరు మాత్రం వదలకండి. ఆధార్‌కు, బ్యాంకుకు, పీఎం కిసాన్‌కు ఇచ్చింది అదేగా! కొత్త నంబరు తీసుకోమని దుకాణం వాళ్లు చెబుతారు, వాళ్లకేం? ఓటీపీ రాక తిరిగేది మీరు.

పొలం దగ్గర సిగ్నల్ అందుతుంటే అదే సిమ్ కొత్త ఫోన్‌లో వేసుకోవచ్చు. అయితే బటన్ ఫోన్‌కిచ్చే చౌక రీచార్జి ఇందులో చెల్లదు, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. సిగ్నల్ అందకపోతే కంపెనీ మారవచ్చు. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కు మెసేజ్ పంపండి. 8 అక్షరాల కోడ్ వస్తుంది. అది 4 రోజులే చెల్లుతుంది, ఆలోగా ఆధార్ కార్డు పట్టుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లాలి. సిమ్ తీసుకుని 90 రోజులు నిండకపోతే కోడ్ రాదు. మిగిలిన రీచార్జి పోతుంది కనుక గడువు తీరే నాలుగైదు రోజుల ముందు పంపడం మేలు.