‘మహాతలవరి’ బిరుదము: అర్థము, ఉత్పత్తి

నాగార్జునకొండ మహాచైత్య స్తంభములపై గల ప్రాకృత శాసనములలో దాతలుగా కనిపించు పలువురు స్త్రీల పేర్లకు ముందు ‘మహాతలవరి’ అను బిరుదము కలదు. ఇవి క్రీ.శ. 3వ శతాబ్దికి చెందిన ఇక్ష్వాకుల కాలపు శాసనములు. వీటిని ఫోగెల్ పండితుడు ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 20వ సంపుటమున పరిష్కరించి ప్రకటించెను.

‘మహాతలవరి’ అనునది ‘మహాతలవర’ శబ్దమునకు స్త్రీలింగ రూపము. ‘తలవర’ శబ్దమునకు సంస్కృతమున తృప్తికరమైన వ్యుత్పత్తి లేదు. తెలుగు ‘తలారి’, కన్నడ ‘తళవార’, తమిళ ‘తలైయారి’ పదములతో దీనికి గల పోలికనుబట్టి ఇది ద్రావిడమూలకమని పండితులు భావించిరి. గ్రామరక్షకుని సూచించు నేటి ‘తలారి’ అర్థమును ఆ కాలమునకు అన్వయింపరాదు. నాడు మహాతలవరులు మహాసేనాపతి, మహాదండనాయక బిరుదములను కూడ ధరించిన సామంత ప్రభువులు.

ఈ బిరుదము స్త్రీకి ఏ విధముగా లభించెనో శాసనములే తెలుపుచున్నవి. మహారాజు శ్రీ చాంతమూలుని సోదరియైన చాంతిసిరి, పూకీయ వంశజుడగు మహాతలవర ఖందసిరికి భార్య. చాంతమూలుని కుమార్తెయైన అడవి చాంతిసిరి, ధనక వంశజుడగు మహాతలవర ఖందవిసాఖంణకునికి భార్య. ఇరువురును రాజకుటుంబమున జన్మించినవారే. అయినను వారికి మహాతలవరి బిరుదము వివాహముచే వచ్చినదే గాని పుట్టుకచే వచ్చినది కాదు. రాజపత్నులకు ‘మహాదేవి’ అను బిరుదము వేరుగా ఉన్నది. కావున ‘మహాతలవరి’ని ‘రాణి’ అని అనువదించుట దోషము.

అయితే భర్తృపదవిని సూచించు ఈ బిరుదమునుబట్టి ఆ స్త్రీలను కేవలము భర్తల నీడలుగా భావించుటయు సరికాదు. వీరపురుషదత్తుని 6వ పాలనావర్షమున మహాచైత్య నిర్మాణమును పూర్తిచేయించినది చాంతిసిరియే. శాసనము ఆమెను ‘మహాదానపతిని’ అని కీర్తించుచున్నది. ఈ రెండవ విశేషణము దానముచే ఆమె స్వయముగా ఆర్జించినది. ఆమె తన దానపుణ్యమును ఉభయకులములకును, అనగా పుట్టినింటికిని మెట్టినింటికిని, ధారపోసెను. బిరుదము ఒక కులమునుండి వచ్చినను పుణ్యము రెంటికిని చేరినది.

దానమునకు బిరుదము ఆవశ్యకము కాదనుటకు నిదర్శనమును అచటనే కలదు. సింహళ థేరులకొరకు చైత్యగృహమును కట్టించిన బోధిసిరి ‘ఉపాసిక’ మాత్రమే. కావున శాసనములను అనువదించువారు మహాతలవరి, మహాదేవి, ఉపాసిక అను పదములను మూలమున ఉన్నట్లే నిలుపుట మేలు. వాటిని ‘రాణి’, ‘భక్తురాలు’ అను సామాన్య పదములలో కలిపివేసినచో, సంఘమును పోషించిన స్త్రీలు ఏయే స్థితులనుండి వచ్చిరో తెలిసికొను ఆధారము నశించును.