సంభోగానంతర రక్తస్రావం

ఋతుస్రావంతో సంబంధం లేకుండా, సంభోగ సమయంలో గానీ ఆ తరువాత గానీ యోని నుండి రక్తం రావడాన్ని సంభోగానంతర రక్తస్రావం అంటారు. ఇది వ్యాధి కాదు, వ్యాధి లక్షణం మాత్రమే. చాలామందిలో దీని కారణం సులభంగా నయమయ్యేదే. అయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కూడా ఇది తొలి సూచన కావచ్చు. కనుక పరీక్ష చేయకుండా కారణాన్ని నిర్ధారించరాదు.

కారణాలు

* ఎక్ట్రోపియాన్: ముఖద్వారం లోపలి సున్నితమైన పొర వెలుపలికి విస్తరించడం వలన రాపిడికి రక్తం వస్తుంది. గర్భిణులలోను, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోను సాధారణం. ఇది హానికరం కాదు.
* పాలిప్‌లు: ముఖద్వారం వద్ద పెరిగే మెత్తని కాయలు. ఎక్కువ భాగం క్యాన్సర్ కానివి.
* అంటువ్యాధులు: క్లమీడియా, గనేరియా, ట్రైకోమోనియాసిస్. భర్తకు కూడా చికిత్స చేయకపోతే ఇవి తిరిగి సోకుతాయి.
* యోని పొడిబారడం: ముట్లుడిగిన తరువాత, బిడ్డకు పాలిచ్చే కాలంలో ఈస్ట్రోజెన్ తగ్గడం వలన పొర పలుచబడుతుంది.
* గాయాలు: బలవంతపు సంభోగం వలన యోని గోడలు చిరగవచ్చు. తొలి సంభోగంలో కొందరికి రక్తం వస్తుంది, కొందరికి రాదు. ఇది కన్యత్వానికి నిదర్శనం కాదు.
* గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: దాదాపు అన్ని సందర్భాలలోను హ్యూమన్ పాపిలోమా వైరస్ దీనికి మూలం. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఆ ఏడాది సుమారు 1.27 లక్షల మందికి ఇది కొత్తగా సోకగా, సుమారు 80 వేల మంది మరణించారు.

పరీక్షలు

వైద్యులు ముందుగా గర్భం ఉన్నదీ లేనిదీ తెలుసుకొని, స్పెక్యులమ్ సాయంతో ముఖద్వారాన్ని చూస్తారు. అవసరాన్ని బట్టి పాప్ పరీక్ష, వైరస్ పరీక్ష చేస్తారు. పాప్ ఫలితం సాధారణంగా ఉన్నా రక్తస్రావం కొనసాగితే కాల్పోస్కోపీ చేయాలి. అనుమానాస్పదమైన పుండు కనిపిస్తే ముక్క తీసి పరీక్షిస్తారు.

ముట్లుడిగిన తరువాత రక్తం కనిపించినా, గర్భిణికి రక్తం వచ్చినా ఆలస్యం చేయరాదు. రక్తస్రావం ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

హైదరాబాదులో వైద్య సదుపాయాలు

పాతబస్తీలో చార్మినార్‌కు సమీపంలోని పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్నది. ఇక్కడ స్త్రీల వ్యాధులకు కూడా వైద్యం లభిస్తుంది. క్యాన్సర్ చికిత్సకు మూసీ నదికి అవతల రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కలదు.

నివారణ

2016 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకొకసారి ఎసిటిక్ ఆమ్లంతో ముఖద్వార పరీక్ష చేయాలి. బాలికలకు 9 నుండి 14 ఏళ్ళ మధ్య ఇచ్చే వైరస్ టీకా క్యాన్సర్ ముప్పును బాగా తగ్గిస్తుంది. టీకా వేయించుకున్నవారు కూడా తగిన వయసులో పరీక్ష చేయించుకోవాలి. ముఖద్వార క్యాన్సర్‌ను తొలి దశలో గుర్తిస్తే చాలావరకు పూర్తిగా నయం చేయవచ్చు. సిగ్గు వలన గానీ, నెలసరి తేడా అనుకొని గానీ ఈ లక్షణాన్ని దాచుకోవడం వలన ఆ అవకాశం చేజారుతుంది.