ఇంటి మురుగు పంపు – దాని పోషణము

మన గ్రామములలో సిమెంటు రోడ్డు వేసినప్పుడెల్ల వీధి కొంత యెత్తగుచున్నది. పాత యిండ్లు పల్లమున బడుచున్నవి. అట్టి యింటి మరుగుదొడ్డి నీరు మెరకనున్న సెప్టిక్ ట్యాంకునకు దానంతట నెక్కదు. అందుచే కొందరు సభ్యులు మురుగును ఎత్తిపోయు పంపును గూర్చి మమ్మడుగుచున్నారు. బావి మోటారును నడుపనేర్చిన రైతునకు ఇది క్రొత్త విద్య కాదు. కాని బావి మోటారు చెడిన మడి యెండును. ఇది చెడినప్పుడు తొందరపడిన మనుష్యుని ప్రాణమే పోవచ్చును. కావున కొనుటకు ముందే దీని పోషణము తెలిసికొనవలెను.

మొదట పంపు అవసరమా యని చూడుడు. నాలుగంగుళముల గొట్టమునకు నలుబది అడుగుల దూరమున ఒక అడుగు వాటము దొరకెనా, పంపు వలదు. వాటమునకు కరెంటు అక్కరలేదు, మరమ్మతు లేదు. వాటము దొరకని చోటనే యంత్రమును ఆశ్రయింపవలెను.

మురుగును పైకి త్రోయు ఉపాయము పాతదే. వేల్సు దేశపు రెక్స్‌హాం పట్టణవాసి ఐజాక్ షోన్ అను ఇంజనీరు, కుదించిన గాలి బలముతో పనిచేయు యంత్రమును 19వ శతాబ్దమున కల్పించెను. పల్లపు నేలనున్న రంగూను నగరమున ఆ శతాబ్దము ముగియకమునుపే అట్టి యంత్రములు నెలకొల్పబడెను. కూలికై రంగము పోయిన మన తెలుగువారు వేలకొలది నివసించినది ఆ నగరముననే. నేటి యింటి పంపునకు గాలికి బదులు కరెంటు మోటారు కలదు, అంతియే భేదము.

దీని అంగములు నాలుగు. నేలలో పాతిన మూత గల తొట్టి. అందులో మునిగియుండు పంపు. నీరు పెరిగినప్పుడు తేలి మోటారును నడిపించు ఫ్లోటు. ఎక్కిన మురుగు వెనుకకు రాకుండ ఆపు వాల్వు. ఈ వాల్వు చేయు పని బావిలోని ఫుట్ వాల్వు పనివంటిదే. మంచినీటి పంపును ఇందు దింపరాదు. రెండంగుళముల గట్టి పదార్థమును సైతము దాటనిచ్చు మురుగు పంపునే కొనవలెను. తొట్టి మూత గాలి చొరకుండ బిగియవలెను. తొట్టినుండి గాలిగొట్టము ఇంటి కప్పుకంటె ఎత్తునకు పోవలెను. మోటారునకు ఎర్తు తప్పక యుండవలెను.

పోషణమందు మొదటి నియమము, గుడ్డపేలికలు, దూది, ప్లాస్టిక్ సంచులు, వంటనూనె మరుగుదొడ్డిలో వేయకుండుట. రెండవది, మూడు మాసముల కొకసారి బక్కెట్లతో నీరు పోసి, ఫ్లోటు లేచుచున్నదా, మోటారు తనంత నాగుచున్నదా యని పరీక్షించుట. మూడవది, కరెంటు పోయినప్పుడు నీటి వాడుక తగ్గించుట. అడుగున్నర వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గల గుండ్రని తొట్టి నిండుగా 125 లీటర్లే పట్టును; అందు ఎల్లప్పుడును కొంత నీరుండును గనుక మిగులు చోటు అంతకంటె చాల తక్కువ.

నాలుగవది, పంపు పిడికి గట్టి నైలాను త్రాడు కట్టి, కొనను మూతదగ్గర ఉంచుట. మా యింట ఒకనాడు మోటారు గుర్రుమనెనే గాని నీరు కదలలేదు. ఫ్యూజు తీసి, త్రాటితో పంపును వెలికి లాగి చూడగా, ఇంపెల్లరునకు ఒక గుడ్డపేలిక చుట్టుకొని యుండెను. చేతితొడుగులు వేసికొని దానిని కోసి తీసితిమి. గంటలో పని ముగిసెను. ఆ త్రాడే లేకున్న, తల వంచి తొట్టిలో చేయి పెట్టియుందుము.

అట్లు ఎన్నడును చేయరాదు. మురుగు క్రుళ్లిన చోట హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పుట్టును. కొంచెముగా నున్నప్పుడు అది క్రుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును. మిక్కుటమైనప్పుడు ముక్కునకు వాసన పట్టు శక్తినే పోగొట్టును. కంపు లేదు గనుక భయము లేదనుకొని సెప్టిక్ ట్యాంకులో దిగినవాడు కూలును. వానిని రక్షింపబోయినవాడును కూలును. మీథేను వాయువు నిప్పు తగిలిన మండును గనుక దీపము దించి చూచుట యింకను ప్రమాదము. రక్షణ సాధనములు లేక మనుష్యుని సెప్టిక్ ట్యాంకులో దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. కూలికొఱకు పేదవాడు ఒప్పుకొన్నను, దింపుట మన తప్పే యగును. ట్యాంకును రెండు మూడు సంవత్సరముల కొకసారి యంత్రపు బండితోనే తోడించవలెను.

ఒక సూచన. ఇట్టి పంపులున్న పది యిండ్లవారు కలిసి, ఒకే తరహా పంపులు కొని, అదనముగా ఒకటి సంఘపు గిడ్డంగిలో ఉంచుకొనిన బాగుండును. ఒక యింటి పంపు చెడిన వెంటనే అది అక్కరకు వచ్చును. తొందర లేనిచోట తెగింపు పనులుండవు. మనుష్యుని గోతిలో దింపు ఆలోచనయే రాదు.